బెల్లం తింటారు, గుల్గులే వద్దంటారు

ముస్లిం వంట అనగానే బిర్యానీ, హలీమ్, నవాబుల దస్తర్‌ఖాన్. సినిమాల వాళ్లకీ పత్రికల వాళ్లకీ అంతకుమించి మేము కనపడం. ఆ దస్తర్‌ఖాన్ మా తాతలు ఎరగరు. దూది ఏకినవాళ్లకి, బండ్లు తోలినవాళ్లకి, బీడీలు చుట్టినవాళ్లకి బిర్యానీ ఏ పెళ్లికో పండక్కో. మరి ఇంట్లో పిల్లలకు తీపి ఏం పెట్టుకున్నాం? ఆ చరిత్ర మా వంటగదుల్లో ఉంది. దాని పేరు గుల్గులే.

మాగి నల్లబడ్డ అరటిపండ్లు రెండు చాలు. చేత్తో మెత్తగా పిసకాలి. అరగ్లాసు బెల్లం తురుము కొద్ది నీళ్లలో కరగబెట్టి, వడగట్టి, చల్లారాక కలపాలి. గ్లాసున్నర గోధుమపిండి, రెండు చెంచాల బొంబాయి రవ్వ, కాస్త సోంపు, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. పిండి చేతినుంచి ముద్దగా జారాలి. అరగంట నాననివ్వాలి. రవ్వ వేస్తేనే పైన కరకరలాడుతుంది. నూనె మరీ కాగితే బెల్లమూ పండూ పైపైనే మాడిపోతాయి, లోపల పిండి పచ్చిగా ఉంటుంది. మధ్యరకం మంట మీద చిన్న ఉండలుగా వేసి, తిప్పుతూ ఎర్రగా వేయించాలి. వేడిమీదే తినాలి. చల్లారితే మెత్తబడతాయి. నెయ్యి అక్కర్లేదు, బాదం పిస్తా అక్కర్లేదు. పారేయాల్సిన పండుతో ఇంటిల్లిపాదికీ తీపి. పేదతనం నేర్పిన వంట ఇది.

ఇది నిన్నమొన్నటిది కాదు. ఏలూరు ప్రాంతం వాడైన జాఫర్ షరీఫ్ దక్కన్ ముస్లింల ఆచారాలను పుట్టుక నుంచి చావు దాకా రాసిపెట్టాడు. మద్రాసులో ఇంగ్లీషువాళ్ల కొలువులో వైద్యుడైన హెర్‌క్లాట్స్ దాన్ని అనువదించాడు. 'ఖానూనె ఇస్లాం' పేరుతో 1832లో లండన్‌లో అచ్చయింది. సఫర్ నెల ఆఖరి బుధవారం నాడు స్నానం చేసి, కొత్తబట్టలు కట్టి, గుల్గులే వండి, ఫాతెహా ఇచ్చి పంచుకుంటారని అందులో ఉంది. అంటే మా నానీలు, దాదీలు చేసిన పనికి అచ్చులో సాక్ష్యమే దాదాపు రెండు వందల ఏళ్లది.

ఇంతకీ ఇది ఎవరిది? 1226 నాటి బాగ్దాద్ వంటల పుస్తకంలో నూనెలో వేయించి పాకంలో ముంచే పిండిముద్దలున్నాయి. వాటిని 'ఖాజీగారి ముద్దలు' అన్నారు. అంతకుముందే, 12వ శతాబ్దంలో, కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లో వేయించిన గోధుమపిండి భక్ష్యాలున్నాయి. అరటిని అరబ్బులు మౌజ్ అంటారు. ఆ మాట సంస్కృతంలోని 'మోచ' నుంచి వెళ్లిందేనని పండితులు చెబుతారు. ఉత్తరాదిన హిందువుల ఇళ్లలోనూ పండగలకు గుల్గులే వండుతారు. ఇందులో ఏది మాది, ఏది మీది? తేల్చమని అడిగేవాళ్లున్నారు. మేము తేల్చం. తేల్చాల్సిన అవసరం మూకుడుకు ఏనాడూ రాలేదు.

మాలోపలా తగువుంది. ఆఖరి బుధవారానికి దీన్‌లో ఆధారం లేదు, అది బిద్‌అత్ అని కొందరు పెద్దలంటారు. ఆ చర్చ మా ఇంటిది, మేము చేసుకుంటాం. ఫాతెహా ఇవ్వని ఇళ్లలోనూ గుల్గులే వేగుతూనే ఉన్నాయి. బయటినుంచి వచ్చే ప్రశ్న వేరు. మీ మూలాలు ఎక్కడివని అది నిలదీస్తుంది. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ ప్రశ్న గొంతు మరీ పెరిగింది.

ఉర్దూలో ఒక సామెత ఉంది. బెల్లం తింటాడట, గుల్గులే అంటే మాత్రం పథ్యమట. రంజాన్ నెలలో మా గల్లీల్లో హలీమ్ కోసం వరసలో నిలబడే మిత్రులే, మా పేరు వినగానే ఇల్లు అద్దెకు లేదంటారు. వంట కావాలి, వండిన మనిషి వద్దు. ఇది ఏ పథ్యం?

లౌకికవాదులమనుకునే మిత్రులకు ఒక మాట. పండక్కి పిలిస్తే వస్తున్నారు, సంతోషం. ఏ పండగా లేని రోజున కూడా రండి. గుల్గులే వేడిగా పెడతాం. మీ గేటుకు 'టు లెట్' బోర్డు కట్టినరోజున మాత్రం మా పేరు అడిగి తలుపు వేయకండి.