ఎవరూ గెలవని కప్పు: 1919లో సియాటిల్ టీమ్ కథ

 ఇవాళ మనం ఐస్ హాకీ గురించి మాట్లాడుకోబోతున్నాం. ఆగండి ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి. మనకి ఐస్ అంటే చెరుకురసం గ్లాసులో వేసే ముక్కలే అని నాకూ తెలుసు. కానీ ఈ కథ అర్థం కావడానికి హాకీ తెలియక్కర్లేదు. కోవిడ్ గుర్తుంటే చాలు.

స్టాన్లీ కప్ అని ఒక ట్రోఫీ ఉంది. 1892లో కెనడా గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ స్టాన్లీ ఇచ్చాడు. గెలిచిన టీమ్ పేరు, ఆటగాళ్ళ పేర్లు దాని మీదే చెక్కుతారు. ఒకప్పుడు కప్పు నిండిపోతే కింద ఇంకో పట్టీ తగిలించేవాళ్ళు. అలా పెరిగి పెరిగి ఇప్పుడది చిన్నపిల్లాడంత ఎత్తు అయింది. ఆ పేర్లన్నిటి మధ్యలో 1919 దగ్గర మాత్రం రెండు టీమ్‌ల పేర్లు ఉంటాయి. మాంట్రియల్ కెనేడియన్స్, సియాటిల్ మెట్రోపాలిటన్స్. వాటి కింద "సిరీస్ పూర్తి కాలేదు" అనే అర్థం వచ్చే మాట. అంతే. విజేత లేడు.

ఎందుకు లేడో చెప్తాను. కానీ ముందు సియాటిల్‌లో హాకీ ఏంటి అనేది చెప్పాలి. సియాటిల్ అంటే మనవాళ్ళకి మైక్రోసాఫ్ట్, అమెజాన్. ప్రతి ఊళ్ళోనూ "మా అల్లుడు సియాటిల్‌లో" అనే అంకుల్ ఒకరుంటారు. అక్కడున్నవాళ్ళని అడగండి, వాన గురించి చెప్తారు. చెరువులు గడ్డకట్టేంత చలి ఆ తీరంలో ఉండదు. మరి హాకీ ఎలా ఆడారు?

దానికి కారణం పాట్రిక్ బ్రదర్స్. లెస్టర్ పాట్రిక్, ఫ్రాంక్ పాట్రిక్. వీళ్ళ నాన్నది కలప వ్యాపారం. ఆయన దాన్ని అమ్మేస్తే వచ్చిన డబ్బుతో అన్నదమ్ములిద్దరూ 1911లో కెనడా పశ్చిమ తీరంలో విక్టోరియా, వాంకూవర్ ఊళ్ళలో మెషీన్లతో ఐస్ తయారుచేసే రింకులు కట్టారు. సొంతంగా లీగ్ పెట్టారు. పేరు పసిఫిక్ కోస్ట్ హాకీ అసోసియేషన్. జెర్సీ మీద నంబర్లు, పెనాల్టీ షాట్, ఐస్ మీద నీలం గీతలు, ఇలా ఇప్పటి హాకీలో మామూలైపోయిన చాలా విషయాలు వీళ్ళ లీగ్‌లోనే ఊపందుకున్నాయి. నన్నడిగితే ఈ అన్నదమ్ముల మీదే ఒక పూర్తి ఎపిసోడ్ చెయ్యొచ్చు.

1915లో ఆ లీగ్‌లోకి సియాటిల్ వచ్చింది. టీమ్ ఎలా కట్టారంటారా? టొరంటో టీమ్ నుంచి మంచి ఆటగాళ్ళని ఒక్క దెబ్బకి లాగేసుకున్నారు. ఫ్రాంక్ ఫోయిస్టన్, జాక్ వాకర్, కల్లీ విల్సన్, గోల్‌కీపర్ హ్యాప్ హోమ్స్, అందరూ అక్కడివాళ్ళే. కోచ్ పీట్ మల్డూన్. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు అడ్డచారల జెర్సీ. రెండో సీజన్‌కే, అంటే 1917లో, స్టాన్లీ కప్ కొట్టేశారు. అమెరికా గడ్డ మీది టీమ్‌కి ఆ కప్పు రావడం అదే మొదటిసారి. ఓడిపోయిందెవరు? మాంట్రియల్ కెనేడియన్స్. ఆ ఫైనల్లో బెర్నీ మోరిస్ అనే కుర్రాడు నాలుగు మ్యాచ్‌ల్లో 14 గోల్స్ వేశాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 1919కి వద్దాం. అప్పుడు లోకం ఎలా ఉందో ఒకసారి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబర్ 11న ఆగింది. దానికి ముందే ఫ్లూ మొదలైంది. మన దగ్గరికి 1918 జూన్‌లో బొంబాయి రేవు ద్వారా వచ్చింది. రైళ్ళతో పాటు దేశమంతా పాకింది. ఇండియాలో చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ కోటి ఇరవై లక్షలని లెక్కలు. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ అంతమంది పోలేదు. అయినా మన స్కూల్ పుస్తకాల్లో దానికి ఒక పేరా కూడా దొరకడం కష్టం. ఆ కోపం నాకు ఎప్పుడూ ఉంటుంది, సరే, వదిలేద్దాం.

సియాటిల్‌కి అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చింది. స్కూళ్ళు, సినిమాహాళ్ళు, చర్చిలు మూసేశారు. మాస్క్ లేకపోతే ట్రామ్ ఎక్కనివ్వలేదు. మాస్కులు పెట్టుకుని వరసగా నిలబడ్డ సియాటిల్ పోలీసుల ఫోటో ఒకటి ఉంది, 2020లో మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది. యుద్ధం ఆగిందన్న వార్త రాగానే జనం మాస్కులు లేకుండానే రోడ్ల మీదకొచ్చి గెంతులేశారు. ఆంక్షలు ఎత్తేశారు. అయిపోయిందనుకున్నారు. సెకండ్ వేవ్, థర్డ్ వేవ్ అనే మాటలు మనకి ఎలా నేర్పారో గుర్తుందిగా. వాళ్ళకీ అదే జరిగింది. దీనికి తోడు 1919 ఫిబ్రవరిలో సియాటిల్‌లో సార్వత్రిక సమ్మె. దాదాపు 65 వేల మంది కార్మికులు పని ఆపేశారు, ఊరు కొన్ని రోజులు స్తంభించిపోయింది.

ఇంత గోలలోనూ హాకీ ఆగలేదు. సీజన్‌లో మూడే టీమ్‌లు. వాంకూవర్ 12 గెలిచి మొదటి స్థానం, సియాటిల్ 11 గెలిచి రెండో స్థానం. ఆ సీజన్‌లోనే సియాటిల్ ఆటగాడు కల్లీ విల్సన్ కొట్టిన దెబ్బకి వాంకూవర్ స్టార్ మిక్కీ మెకే దవడ విరిగింది. ఇది ఆటలో భాగంలే అని సర్దిచెప్పడం నాకు నచ్చదు, విల్సన్‌ని తర్వాత ఆ లీగ్ నుంచే పంపేశారు. మెకే లేని వాంకూవర్‌ని ప్లేఆఫ్‌లో సియాటిల్ రెండు మ్యాచ్‌ల మొత్తం గోల్స్ లెక్కలో 7–5 తేడాతో ఓడించింది.

సియాటిల్‌కి కూడా ఒక దెబ్బ తగిలింది. బెర్నీ మోరిస్ గుర్తున్నాడా? సరిగ్గా ప్లేఆఫ్స్ ముందు అతన్ని అరెస్ట్ చేశారు. సైన్యంలో చేరాల్సింది తప్పించుకున్నాడని కేసు. యుద్ధం ముగిసి నాలుగు నెలలైంది, గమనించండి. రెండేళ్ళ శిక్ష వేసి ఆల్కట్రాజ్ పంపారు. అవును, సినిమాల్లో చూపించే ఆ దీవి జైలే. అప్పట్లో అది సైనిక జైలు.

అటు తూర్పున ఎన్‌హెచ్‌ఎల్ అనే కొత్త లీగ్, అప్పటికి దాని వయసు రెండేళ్ళే. అక్కడ గెలిచిన మాంట్రియల్ కెనేడియన్స్ రోజుల తరబడి రైల్లో ఖండం మొత్తం దాటి సియాటిల్ వచ్చారు. కెప్టెన్ న్యూసీ లలోండ్. గోల్‌కీపర్ జార్జ్ వెజినా. డిఫెన్స్‌లో జో హాల్.

జో హాల్ గురించి రెండు మాటలు. ఇంగ్లండ్‌లో పుట్టాడు, కెనడాలో పెరిగాడు, అప్పటికి వయసు 37. ముద్దుపేరు "బ్యాడ్ జో". ఐస్ మీద రౌడీ. ఆ సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ మొత్తంలో ఎక్కువ సేపు పెనాల్టీలో కూర్చున్నది అతనే. ఒకప్పుడు వేరే టీమ్‌లో ఉన్నప్పుడు ఇదే లలోండ్‌తో ఏళ్ళ తరబడి కొట్టుకున్నాడు. తర్వాత ఒకే టీమ్‌లో ఆడారు.

ఫైనల్ అయిదు మ్యాచ్‌ల సిరీస్. ఇక్కడో తమాషా. సియాటిల్ లీగ్‌లో ఒక్కో వైపు ఏడుగురు ఆడతారు, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆరుగురు. అందుకని మ్యాచ్‌కో రూల్ మార్చుకున్నారు. మార్చి 19న మొదటి మ్యాచ్, సియాటిల్ 7–0. 22న మాంట్రియల్ 4–2, ఆ నాలుగూ లలోండ్ ఒక్కడే వేశాడు. 24న మళ్ళీ సియాటిల్ 7–2, ఈసారి నాలుగు గోల్స్ ఫోయిస్టన్‌వి. అంటే సియాటిల్‌కి ఇంకొక్క గెలుపు చాలు.

మార్చి 26. నాలుగో మ్యాచ్. గంట ఆట అయింది, 0–0. ఎక్స్‌ట్రా టైమ్ 20 నిమిషాలు ఆడారు, అయినా 0–0. ఇటు హోమ్స్, అటు వెజినా, గోడలు కట్టినట్టు ఆపేశారు. మొదటి పీరియడ్ చివర్లో కల్లీ విల్సన్ పక్‌ని గోల్‌లోకి కొట్టాడు, కానీ అప్పటికే టైమ్ అయిపోయిందని లెక్కలోకి తీసుకోలేదు. ఒక్క సెకను అటూ ఇటూ అయితే కప్పు ఆ రాత్రే సియాటిల్‌ది, మనం ఈ ఎపిసోడ్ చెయ్యాల్సిన పనే లేదు. ఆట ఆపాక కొందరు అలిసిపోయి ఐస్ మీదే కూలబడ్డారు. చూసినవాళ్ళు లేచి నిలబడి రెండు టీమ్‌లకీ చప్పట్లు కొట్టారు.

డ్రా కాబట్టి ఇంకో మ్యాచ్ పెట్టారు. అయిదో మ్యాచ్‌లో సియాటిల్ 3–0 ఆధిక్యంలో ఉంది, ఇంక ఒక్క పీరియడ్ మిగిలింది. అక్కడి నుంచి మాంట్రియల్ మూడు గోల్స్ వేసి సమం చేసి, ఎక్స్‌ట్రా టైమ్‌లో జాక్ మెక్‌డొనాల్డ్ గోల్‌తో 4–3 గెలిచింది. 2–2 అయిపోయింది. కానీ ఆ మ్యాచ్ మధ్యలోనే జో హాల్ బయటికి వెళ్ళిపోయాడు. దెబ్బ తగిలి కాదు. ఒంట్లో నిలబడే శక్తి లేక. పద్ధెనిమిదేళ్ళుగా ఐస్ మీద తిట్టుకుంటూ కొట్టుకుంటూ తిరిగిన మనిషి, నావల్ల కాదు అని వెళ్ళిపోయాడంటే అందరికీ అప్పుడే భయం వేసి ఉండాలి.

ఏప్రిల్ 1న ఆరో మ్యాచ్. రాత్రి ఆట, టికెట్లు అమ్మారు. మధ్యాహ్నానికి విషయం బయటపడింది. హాల్, లలోండ్, కూచూ, బెర్లిన్‌గెట్, మెక్‌డొనాల్డ్, అయిదుగురు ఆటగాళ్ళు మంచం మీద. మేనేజర్ జార్జ్ కెనెడీ కూడా. జ్వరాలు 101 నుంచి 105 దాకా. మ్యాచ్‌కి ఇంకా అయిదారు గంటలుందనగా రద్దు చేశారు.

ఇక్కడే నాకు ఈ కథ పట్టుకుంది. కెనెడీ ముందు విక్టోరియా టీమ్ నుంచి ఆటగాళ్ళని అప్పు తీసుకుని ఆడతానన్నాడు. ఒప్పుకోలేదు. అయితే మేం ఆడలేం, కప్పు మీరే తీసుకోండి అన్నాడు. రూల్ ప్రకారం అందులో తప్పేం లేదు. ప్రత్యర్థి రాకపోతే వాకోవర్, మన గల్లీ క్రికెట్‌లో కూడా అంతే. పీట్ మల్డూన్ వద్దన్నాడు. జ్వరంతో పడున్న టీమ్ నుంచి కప్పు తీసుకోను అన్నాడు. గుర్తుంచుకోండి, మోరిస్ జైల్లో ఉన్నా ఇక్కడి దాకా లాక్కొచ్చాడు, రెండుసార్లు గెలుపు అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. కప్పు నిజంగానే చేతికి అందిన దూరంలో ఉంది.

ఆడించకుండా ఉండాల్సింది కదా అని మీరు కామెంట్ పెడతారని తెలుసు. నిజమే. కానీ అప్పటికి ఫ్లూ వైరస్ అంటే ఏంటో ఎవరికీ తెలీదు. మనుషుల నుంచి ఆ వైరస్‌ని పట్టుకున్నది 1933లో. యాంటీబయాటిక్స్ లేవు, వెంటిలేటర్ లేదు. ఇంకోటి, ఆ ఫ్లూ ముసలివాళ్ళకన్నా 20 నుంచి 40 మధ్య ఉన్న గట్టి మనుషుల్నే ఎక్కువగా లాక్కెళ్ళింది. హాకీ టీమ్‌లో ఉండేది సరిగ్గా ఆ వయసువాళ్ళే.

మిగతావాళ్ళు కోలుకున్నారు. జో హాల్‌కి న్యుమోనియాగా మారింది. 1919 ఏప్రిల్ 5న సియాటిల్‌లోని ఆస్పత్రిలో చనిపోయాడు. వాంకూవర్‌లో సమాధి చేశారు. 1961లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. కెనెడీ ఇల్లు చేరాడు గానీ మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు, 1921లో పోయాడు. ఆయన భార్య ఆ టీమ్‌ని 11 వేల డాలర్లకి అమ్మేసింది. ఇవాళ కెనేడియన్స్ టీమ్ ధర వందల కోట్ల డాలర్లలో ఉంటుంది.

సియాటిల్ మరుసటి ఏడాది కూడా ఫైనల్‌కి వెళ్ళింది, ఒట్టావా చేతిలో ఓడింది. మళ్ళీ ఎప్పుడూ కప్పు గెలవలేదు. 1924లో టీమ్ మూతపడింది. ఎందుకంటే వాళ్ళు ఆడే రింక్‌ని కార్ల పార్కింగ్‌గా మార్చేశారు. ఊరి నడిబొడ్డున స్థలం, ఏం చేస్తాం. "సిరీస్ పూర్తి కాలేదు" అని కప్పు మీద చెక్కింది కూడా చాలా ఆలస్యంగా, 1948లో కప్పుని కొత్తగా తీర్చిదిద్దినప్పుడు.

సరిగ్గా 101 ఏళ్ళకి, 2020 మార్చి 12న, కోవిడ్ వల్ల ఎన్‌హెచ్‌ఎల్ తన సీజన్ ఆపేసింది. ఈసారి తొందరపడలేదు. ఆగస్టు నుంచి టొరంటో, ఎడ్మంటన్ ఊళ్ళలో ఆటగాళ్ళని బబుల్‌లో పెట్టి, ప్రేక్షకుల్లేకుండా ఆడించి సెప్టెంబర్‌లో పూర్తి చేశారు.

సియాటిల్‌కి ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ వచ్చింది 2021లో, పేరు క్రాకెన్. 2024 జనవరి 1న వాళ్ళు బేస్‌బాల్ స్టేడియంలో ఆరుబయట ఐస్ పరిచి లాస్ వేగాస్ టీమ్‌తో ఒక మ్యాచ్ ఆడారు, 3–0తో గెలిచారు. ఆ రోజు వేసుకున్న జెర్సీకి అడ్డచారలున్నాయి, గుండె మీద పెద్ద "ఎస్" అక్షరం. మెట్రోపాలిటన్స్ జెర్సీని చూసి కుట్టించింది.