బాప్తిస్మము తరువాతి చరిత్ర

తెలుగుదేశమున క్రైస్తవమత వ్యాప్తిని గూర్చి వ్రాసినవారు సామాన్యముగా రెండు తెగలవారు. మిషనుల గాథలను రచించినవారు ఏ యేట ఎందరు బాప్తిస్మము పొందిరో లెక్క చూపి తృప్తి చెందిరి. వారి ప్రతిపక్షులు ఆ లెక్కలనే గైకొని, ఇదియంతయు కరవుకాలమున గంజి కొరకు జరిగిన మతాంతరమని తేల్చివేసిరి. ఉభయుల దృష్టియు రేవు దగ్గరనే ఆగిపోయినది. నీటినుండి పైకి వచ్చిన మనుష్యుడు ఆ సాయంకాలము పల్లెకు పోయి ఏమి చేసెను, పదియేండ్లకు ఎట్టివాడయ్యెను, విశ్వాసమున ఎదిగినచో ఎవరి పోషణమున ఎదిగెను అను ప్రశ్నకు ఈ గ్రంథములలో సమాధానము దొరకుట అరుదు. సంఘచరిత్రకు ప్రాణభూతమైన విషయము ఇదియేనని నా అభిప్రాయము.

తొలిదశలను విస్తరించి చెప్పనవసరము లేదు. షుల్జ్ చేసిన బైబిలు అనువాదయత్నములు, 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజెస్‌లు, వారికి సువార్తలను తెలిగించుటలో తోడ్పడిన ఆనందరాయరు, 1840లో నెల్లూరున స్థిరపడిన శామ్యూల్ డే, 1842లో గుంటూరు చేరిన హేయర్, వీరి వృత్తాంతములు పాఠకులెరిగినవే. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను మాత్రము ఒక్కమాట చెప్పక దాటరాదు. అక్షరజ్ఞానము లేని విశ్వాసికి వేదాంతమును కంఠస్థము చేసిపెట్టినవి అవియే. ఆదివారమున విన్న ప్రసంగము సోమవారమునకు మరుగుపడినను, నాగలి పట్టినవాని నోట కీర్తన నిలిచియుండెను.

వివాదమంతయు 1866 నుండి 1878 వరకు ఒంగోలు ప్రాంతమున జరిగినదానిని గూర్చియే. 1876లో మొదలై దక్షిణదేశమును దహించిన ఘోరక్షామము, ఒంగోలు బాప్తిస్టు మిషనరీయగు క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించుట, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందుట, ఈ మూడింటిని వరుసగా పేర్చినచో కార్యకారణ సంబంధము తనంతట తానే కుదిరినట్లు తోచును. కాని ఈ వరుసలో రెండు సంగతులు జారిపోవుచున్నవి. క్షామసహాయము సాగిన పదునైదు నెలలు క్లౌ దొర బాప్తిస్మములను నిలిపివేసెను. ఇక సహాయద్రవ్యము లేదని ప్రజలకు చెప్పిన పిమ్మటనే నదిలో దిగనిచ్చెను. అట్లు నిలుపుటకు ముందే ఆ సంఘమున మూడువేలకు పైబడి సభ్యులుండిరి. ఈ మూడువేలమందిని క్షామము తెచ్చినదని ఎవరనగలరు?

వీరిని తెచ్చినది ఎవరని విచారించినచో, దొరకంటె ముందు ఎర్రగుంట్ల పేరయ్య కనబడును. ఈయన తాళ్లకొండపాటి మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. వ్యాపారముమీద ఉత్తరమునకు పోయినప్పుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవబోధ వినెను. 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. అంతకు పూర్వమే ఆయన వీరమ్మ యను గురువు నాశ్రయించి రాజయోగమార్గమున సాధన చేసినవాడు. దినదినము ఒకచోట కూర్చుండి మనస్సును నిలుపుట, గురువు మాటను నెమరువేయుట, తాను నేర్చినదానిని శిష్యులకు అప్పగించుట ఆయనకు క్రొత్తగా అలవడినవి కావు. మరుసటి యేట తాళ్లకొండపాట క్లౌ దొర డేరా వేసినప్పుడు జనులు చద్దిమూటలు కట్టుకొని వచ్చి దినములతరబడి కూర్చుండి వినుటయు, చివరకు 28 మంది బాప్తిస్మము పొందుటయు, గురువు చెంతకు పోవు శిష్యుల పాత మర్యాదనే తలపించును.

నా వాదమును అతిగా సాగదీయదలపలేదు. ఈ వృత్తాంతములు మనకు ముఖ్యముగా క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథము వలన తెలిసినవి. ఆమె వృద్ధులైన బోధకుల నోట విని, ప్రేమతో వ్రాసినది, కావున జ్ఞాపకములకు కొంత మెరుగు అబ్బియుండును. యోగసాధన చేసినవారు కొందరే. బంధువుల వెంట వచ్చినవారు పెక్కురు. అయినను ఆ కొందరే బోధకులై ఊరూర తిరిగిరని గుర్తించినచో, వారి పూర్వసంస్కారము తక్కినవారి పెరుగుదలకు అచ్చు అయ్యెననుట అసంగతము కాదు.

ఆ పెరుగుదలకు పరీక్ష కఠినమైనది. ఆదివారము పని మానవలెను; చచ్చిన గొడ్డు మాంసము తినరాదు; విగ్రహములకు మ్రొక్కరాదు. కాగితముమీద ఇవి మూడు చిన్న నియమములు. పల్లెలో వీని ఫలితమెట్టిదో చూడుడు. జాతరకు డప్పు కొట్టుమని కబురు వచ్చును, మాదిగవాడు రానని చెప్పును. మరునాడు కరణము, రైతులు కలిసి అతనికి పని మాన్పింతురు, నీళ్లు తోడుకొను త్రోవ మూయుదురు. ఆ రాత్రి ఆ యింటికి వచ్చి, ఓర్చుకొమ్మని చెప్పి, ప్రార్థనచేసి, వారి గంజిలో పాలుపంచుకొనువాడు దొర కాడు, కాలినడకను వచ్చిన పేరయ్యవంటి బోధకుడు. వెల్లంపల్లిలో ఆ 2,222 మందిని నీటిలో ముంచినవారును ఇట్టి దేశీయ బోధకులే. ఆరుగురు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనిరి.

1878 తరువాతి కథ ఇంత ఉజ్జ్వలము కాదు. ఆ సంవత్సరాంతమునకే వేలకువేలు చేరగా బోధకుల సంఖ్య ఆ వేగమును అందుకొనలేకపోయినది. రామపట్టణపు వేదపాఠశాల ఎంత శ్రమించినను పేరయ్యలను తరగతులలో తయారుచేయుట సాధ్యమా? 1933లో పికెట్ సామూహిక మతప్రవేశములను గూర్చిన తన పరిశీలన గ్రంథమున, మతములో చేరిన నాటి ఉద్దేశములకంటె చేరిన తరువాతి శిక్షణయే క్రైస్తవుని జీవితమును నిర్ణయించుచున్నదని నిరూపింప యత్నించెను. ఆ మాట సత్యమని దోర్నకల్ చూపినది. 1912లో అక్కడ బిషప్పయిన అజరయ్య తమిళుడయ్యును తెలుగు నేర్చి, పల్లెపల్లెకు ఉపదేశిని నిలిపి, ప్రతిరాత్రి కూడిక నడిపించి, వంట వండు స్త్రీ ప్రతి పూట పిడికెడు బియ్యము సంఘమునకు తీసిపెట్టు అలవాటును నాటెను. పేదవానిని దాతగా చేయుట వానిని ఎదిగించుటయేనని ఆయన యెరిగెను.

ఇప్పటి స్థితిని గూర్చి నాకు సంతోషముకంటె ఆందోళన ఎక్కువ. మహాసభలకు లక్షలమంది వచ్చుచున్నారు. టీవీలలో, ఫోన్లలో ప్రసంగములు రేయింబవళ్లు వినబడుచున్నవి. ఉపవాస ప్రార్థనలకు కొదువ లేదు. వినువానిని పేరుపెట్టి పిలిచి, నీ యింట ఏమి జరుగుచున్నదని అడుగువాడు మాత్రము కరవైనాడు. స్వస్థతను, ఉద్యోగమును, వీసాను వాగ్దానము చేయు బోధ మనుష్యుని ఆకర్షింపగలదు. నష్టము వచ్చిననాడు నిలబెట్టగలదని నేను నమ్మను. మాల సంఘము, మాదిగ సంఘము అని ఒకే ఊర రెండు గుడులు నిలుచుట, సంబంధములు కులము చూచియే కుదుర్చుకొనుట నేటికిని మానలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన దళిత క్రైస్తవుడు షెడ్యూల్డు కులపు హక్కు కోల్పోవుచున్నందున పెక్కురు కాగితముమీద ఒకటి, గుడిలో ఒకటిగా బ్రదుకవలసివచ్చుచున్నది. వారిని నిందించుటకు నాకు నోరు రాదు, ఆ ద్వైధీభావము ఆత్మను క్రుంగదీయునని చెప్పక తప్పదు.

మన సంఘములు వజ్రోత్సవ సంచికలలో దొరల చిత్రములను, గుడి శంకుస్థాపన తేదీలను ముద్రించుచునే యున్నవి. చదువురాని పల్లెలో ముప్పది నలువదియేండ్లు రాత్రిబడి నడిపిన ఉపదేశులను, ఇంటింటికి తిరిగిన బైబిలు స్త్రీలను ఎరిగిన వృద్ధులు ఇంకను కొందరున్నారు. వారి మాటలను ఇప్పుడే వ్రాసికొనవలెను. ఆ వ్రాతలలో బాప్తిస్మపు లెక్కలకు బదులు, ఏ కుటుంబము ఏ కష్టమున ఎవరి తోడ్పాటుతో నిలిచినదో ఉండవలెను.