పట్టు, పట్టా

మన బడి నుంచి పురానాపూల్ వైపు వెళ్లే దారిలో ఒక తాలీం ఉండేది. బడి వదిలాక మగపిల్లలం గోడెక్కి కూర్చుని కుస్తీలు చూసేవాళ్లం. ఒకనాడు మా అక్క కూడా వెంట వచ్చింది. ఉస్తాద్ మర్యాదగానే "బేటీ, ఘర్ జావ్" అన్నారు. అక్క మళ్లీ అటు రాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆన్‌మరియా డిమార్స్ గురించి చదువుతుంటే ఆ మాట గుర్తొచ్చింది.

ఆమె అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో చిన్నప్పుడే జూడో నేర్చుకున్నారు. 1882లో జపాన్‌లో ఈ విద్యకు బడి పెట్టిన జిగోరో కానో స్వయంగా విద్యావేత్త. ఎదుటివాడి బలాన్ని వాడి మీదికే తిప్పడం ఇందులో కిటుకు. 1964లో టోక్యోలో జూడో ఒలింపిక్స్‌కెక్కింది, అదీ మగవాళ్లకే. ఆడవాళ్లకు మొదటి ప్రపంచ పోటీలు 1980లో గాని జరగలేదు.

1984లో ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో, అంటే ఆమె సొంత దేశంలోనే జరిగాయి. జూడో ఉంది, ఆడవాళ్లకు చోటు లేదు. అదే ఏడాది వియన్నాలో 56 కిలోల విభాగంలో ఆమె ప్రపంచ విజేత అయ్యారు. ఆడా మగా కలిపి అమెరికాకు జూడోలో అదే తొలి ప్రపంచ టైటిల్. ఒలింపిక్స్‌లో మహిళల జూడోకు పతకాలు 1992లో బార్సిలోనాలో మొదలయ్యాయి. అప్పటికే ఆమె పోటీలు మానేశారు.

కాని చదువు మానలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో విద్యా మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. మనసునూ చదువునూ కొలిచే పద్ధతులు, గణాంకాలు ఆమె రంగం. తర్వాత పిల్లలకు లెక్కలు నేర్పే కంప్యూటర్ ఆటలు తయారుచేశారు.

ఇంజనీరుగా నాకు ఇక్కడ ఒక పోలిక కనిపించింది. ఒక భాగం విరిగితే మేము ముందు బరువు ఎక్కడ పడిందో చూస్తాం. మోకాలు దెబ్బతింటే ఆమె ఆట వదల్లేదు, నేల మీది పట్లలో ఆరితేరారు. పిల్లవాడు పరీక్ష తప్పితే తప్పు పిల్లవాడిదా, ప్రశ్నపత్రానిదా అని అడిగేదే ఆమె చదివిన శాస్త్రం.

2008లో బీజింగ్‌లో ఆమె కూతురు రోండా రౌసీ కాంస్యం గెలిచింది. జూడోలో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి అమెరికన్ మహిళ ఆమే. తల్లికి మూసి ఉన్న తలుపులోంచి కూతురు నడిచివెళ్లింది.

మొన్న లాల్‌దర్వాజ బోనాలకు అక్క వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాను. అంతా విని, "మరి మన బడిల ఇప్పుడన్నా ఆడపిల్లలకు చాప ఏసిండ్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మిత్రులారా, స్వర్ణోత్సవ నిధిలోంచి ఒక గది, నాలుగు చాపలు, సాయంత్రం ఒక గంట నేర్పే టీచరమ్మ. నేను అడిగేది ఇంతే. చాపల ఖర్చు నాది. ప్రారంభానికి కొబ్బరికాయ మాత్రం మా అక్కే కొట్టాలి.