కౌబాయ్ వేషంలో ఉన్న చెరోకీ: విల్ రోజర్స్ తొలి రోజులు



పాత హాలీవుడ్ సినిమాల్లో కౌబాయ్ అంటే హీరో, ఇండియన్ అంటే విలన్. కానీ అమెరికా మొత్తాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన కౌబాయ్ ఒకాయన స్వయానా ఇండియనే. పేరు విల్ రోజర్స్, చెరోకీ తెగ.

1879 నవంబర్ 4న ఇండియన్ టెరిటరీలో, అంటే ఇప్పటి ఓక్లహోమాలో పుట్టాడు. తండ్రి క్లెమ్ చెరోకీ నేషన్‌లో జడ్జిగా, సెనేటర్‌గా చేశాడు. కలిగిన కుటుంబమే, ఒకప్పుడు బానిసలు కూడా ఉన్న ఇల్లు. ఇది దాచిపెట్టి చెప్తే చరిత్ర కాదు. విల్‌కి తాడు విసరడం నేర్పింది కూడా ఆ ఇంటి పశువుల దగ్గర పనిచేసిన డాన్ వాకర్ అనే నల్లజాతి మనిషే. పదేళ్ళకే తల్లి పోయింది. బళ్ళు మారాడు గానీ చదువు ఎక్కలేదు, 1898లో మిలిటరీ స్కూల్ నుంచి పారిపోయాడు.

మరి పశువులు కాసుకుంటూ అక్కడే ఎందుకు ఉండలేదు? ఇక్కడే మనం ఆగి చూడాలి. చెరోకీల భూమి తెగ మొత్తానికి ఉమ్మడి. క్లెమ్ మందలు దాదాపు 60,000 ఎకరాల్లో మేసేవి. అమెరికా ప్రభుత్వం ఆ ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పట్టాలు ఇచ్చింది. తండ్రీకొడుకులిద్దరికీ కలిపి వచ్చింది 150 ఎకరాల లోపే. పట్టా వచ్చాక భూమి ఎలా చేతులు మారుతుందో, 1/70 చట్టం ఎందుకొచ్చిందో తెలిసిన మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ పంపకాల కాలంలోనే, 1902లో, విల్ అర్జెంటీనా వెళ్ళాడు. అక్కడ పని దొరక్క పశువుల ఓడలో దక్షిణాఫ్రికా చేరి, సర్కస్‌లో ‘చెరోకీ కిడ్’ పేరుతో తాడు ఆటలు ఆడాడు. 1905లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక ఎద్దు జనంలోకి దూకితే తాడేసి పట్టాడు, పేపర్లలో పడ్డాడు. దాంతో నాటకశాలల్లో అవకాశాలొచ్చాయి.

మొదట్లో స్టేజీ మీద నోరు విప్పేవాడే కాదు. ఒకరోజు తాడు ఆట గురించి నాలుగు మాటలు చెప్పబోతే ఆ యాసకి జనం గొల్లుమన్నారు. తనని వెక్కిరిస్తున్నారని విల్‌కి కోపమొచ్చింది. తోటి కళాకారులు మాత్రం ‘ఆ మాటలు ఆపకు’ అన్నారు. అలా ఇంటి యాసే బతుకుతెరువైంది! తర్వాత పేపర్ చదివి నాయకుల మీద జోకులేయడం మొదలెట్టాడు. 1916లో ప్రెసిడెంట్ విల్సన్ ఎదురుగానే ఆయన మీద జోకులేస్తే ఆయనా నవ్వాడు. 1918లో మొదటి సినిమా వచ్చింది. తాడు ఆట కూడా ఒక పనేనా అని బెంగపడ్డ తండ్రి మాత్రం 1911లోనే పోయాడు.