ఛాయాచిత్రమున కూర్పు: దీన్‌దయాళ్ జీవితము చెప్పు పాఠము

ఛాయాచిత్రకళను వినోదముగా చేపట్టి పది, ఇరువది యేండ్లు గడపినవారికి ఒక దశలో నిరాశ కలుగుట కద్దు. కెమెరాలు మారును, వెలుతురు కొలత తప్పదు, బొమ్మ స్పష్టముగనే వచ్చును. అయినను చూచువారి కన్ను దానిపై నిలువదు. అట్టి చిత్రములందు లోపము సాధారణముగా కూర్పులోనిది. చట్రములో దేనిని ఎచ్చట నిలుపవలెను, దేనిని విడువవలెను అను వివేకమే కూర్పు. ఏండ్లు గడచినంత మాత్రమున ఇది అలవడదు. ఎట్లు అలవడునో తెలిసికొనుటకు మన హైదరాబాదుతో సంబంధము గల ఒకరి జీవితమును పరిశీలింతము.

లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు నేర్చి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖయందు అంచనాలు కట్టుటకును, నక్షాలు గీయుటకును ఉద్యోగిగా చేరెను. 1874 ప్రాంతమున తీరిక వేళల ముచ్చటగా కెమెరా పట్టెను. పిదప పదియేండ్లకు పైగా ఉద్యోగము వదలలేదు.

ఆనాడు చిత్రము తీయుట శ్రమతో కూడిన పని. తడిపలక పద్ధతిలో గాజుపలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణమున ముంచి, ఆరకముందే చిత్రము తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. ఇంత శ్రమ గల పలకను ఆలోచింపక వ్యర్థము చేయువారుండరు. పైగా నల్లగుడ్డ కప్పుకొని చూచునపుడు గరుకు గాజుపై బొమ్మ తలక్రిందుగా కనబడును. క్రొత్తవారికి ఇది చిక్కు. అభ్యాసకునకు గొప్ప మేలు. తలక్రిందైన గోపురము గోపురమని తోచక, వెలుగునీడల రాశులుగా తోచును. ఏ ప్రక్క బరువు హెచ్చినది, ఎచ్చట వెలితి పడినది, ఏ కొమ్మ అంచున అడ్డుపడినది, అన్నియు కంటికి తెలియును.

ఎత్తైన కట్టడము ఎదుట అనుభవము లేనివారు కెమెరా ముఖమును పైకెత్తుదురు. అపుడు గోడలు ఒకదానిపై నొకటి వాలినట్లు వచ్చును. నక్షాలు గీయు చేయి దీనిని సహింపదు. కెమెరా వెనుక భాగమును నిటారుగా ఉంచి, కటకమును మాత్రము పైకి జరుపు ఏర్పాటు ఆనాటి పెద్ద కెమెరాలలో ఉండెడిది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ దీన్‌దయాళ్‌ను బుందేల్‌ఖండ్ యాత్రకు వెంట గొనిపోయెను. గ్వాలియర్, సాంచి మొదలగు చోట్ల ఆయన తీసిన చిత్రములతో 1886లో మధ్య భారత కట్టడములపై గ్రంథము వెలువడెను. 1880ల మధ్యలో ఆయన ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదము పొందెను, 1905లో మరణించెను.

నేటి చేతిఫోను నూరు చిత్రములనైనను క్షణములో తీయును. కనుకనే నియమము మనమే విధించుకొనవలెను. మన ఊరి గుడినో, చెరువుగట్టునో ఎంచుకొని, ఈ ప్రొద్దు పది చిత్రములే అని పెట్టుకొందము. మీట నొక్కకముందు చట్రము నాలుగంచులను ఒకమారు చూడవలెను. రెండడుగులు ప్రక్కకు జరిగి, పిదప కూర్చుండి చూడవలెను. అదే చోటికి ఉదయమొకమారు, సాయంకాలమొకమారు పోవలెను. ఇంటికి వచ్చి చిత్రములను తలక్రిందు చేసి పరిశీలించినచో తప్పులు తామే బయటపడును.

ఇది వినోదమునకు మాత్రమే చెందిన మాట కాదు. దీన్‌దయాళ్ మరణించిన మూడేండ్లకు, 1908లో, మూసీ వరద హైదరాబాదును ముంచివేసెను. ఆ వరదకు ముందటి నగరమును నేడు కొంతయైనను చూడగలుగుట అట్టి చిత్రముల వలననే. ఆయన గాజుపలకలు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. చట్రములో చేరినది మనుమల కాలమునకు మిగులును. చేరనిది మనతోనే పోవును. అందుచేత మీట నొక్కుటకు ముందు ఒక నిమిషము ఆగుట రాబోవువారికి మనము చేయు ఉపకారము.