కూడు, నీళ్లు, ఎత్తు: దళిత దేహాల చరిత్ర కోసం

మాలమాదిగలు పుట్టుకతోనే పొట్టివాళ్లు, బక్కవాళ్లు అన్న మాట అగ్రకులాల నోట ఇప్పటికీ సహజ సత్యంలా చెలామణీ అవుతోంది. ఈ మాటకు శాస్త్రం ముసుగు తొడిగింది వలస పాలన. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల ఎత్తులు, తలలు, ముక్కులు కొలిచాడు. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. కులానికో కొలత! కులాల పుట్టుపూర్వోత్తరాల కోసం మన పండితులు వాటిని ఇవాళ్టికీ తిరగేస్తారు గానీ, ఆ టేపు ముందు నిలబడ్డ మనిషి చిన్నప్పుడు ఏం తిన్నాడని అడిగినవాళ్లు తక్కువ.

మేం అడగదలచింది అదే. 1900లో పాతికేళ్లున్న బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల కూలిమనిషి 1876-78 నాటి ధాత కరువులో చంటిబిడ్డ. భూమి లేనోళ్లు, గాదె లేనోళ్లు ముందుగా రోడ్డున పడ్డారు. వాళ్లలో మనవాళ్లు ఎందరుంటారో వేరే చెప్పనక్కర్లేదు. కరువు పనుల్లో రాళ్లు కొట్టి, మట్టి మోసిన వాళ్ల కూలిని 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజల ఖరీదు, పైన అర్ధణా. పౌను అంటే 454 గ్రాములు. ఉప్పు, మిరపకాయ, పప్పు, ఆకుకూర అన్నీ ఆ అర్ధణాలోనే సర్దుకోవాలి. ఖజానా మిగలాలన్నది దొర లెక్క.

దీన్ని ఎదిరించింది కూడా ఒక దొరే. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. కష్టం చేసే ఒంటికి పౌను గింజలు చాలవని, ఉత్త గింజలతో మనిషి నిలబడలేడని, పప్పు కూడా కావాలని వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఈలోపు పోయినవాళ్లు పోయారు. బతికిన పిల్లల సంగతే మా ప్రశ్న. కడుపులో ఉన్న నెలలు, పుట్టాక మొదటి రెండేళ్లు తిండి అందకపోతే పోయిన ఎదుగుదలను తర్వాత పూడ్చుకోవడం చాలా కష్టమని ఇవాళ వైద్యులంతా ఒప్పుకుంటారు. అలా కుంగిన ఆడపిల్ల తల్లయితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఎక్కువ. అంటే ఒక కరువు ఒక తరంతో తీరిపోదు. థర్‌స్టన్ టేపు కులాన్ని కొలుస్తున్నాననుకుంది. అది కొలిచిందాంట్లో కరువూ ఉంది, జీతగాడి గంజీ ఉంది.

ఇందుకు ప్రయోగశాల రుజువు మన దగ్గరే ఉంది. కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే జాతి ఎలుకలను గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో ప్రాంతపు తిండి పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలున్న పంజాబు సిక్కుల తిండి తిన్నవి బాగా ఎదిగాయి. బియ్యం మీద బతికే మద్రాసు తిండి తిన్నవి గిడసబారాయి. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకొచ్చి ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నడుస్తోంది. ఎలుకకు కులం లేదు కాబట్టి విషయం తేలిగ్గా తేలింది!

అంబేద్కర్ ఈ కొలతల ఆటను రెండుసార్లు తిప్పికొట్టాడు. కులం మేలుజాతి మనుషుల్ని తయారుచేస్తుందన్న వాదాన్ని 1936లో కులనిర్మూలనలో ఎండగట్టాడు. నిజంగా అలా చేసి ఉంటే హిందువులు ఇలా పొట్టిగా, సత్తువ లేకుండా ఎందుకున్నారని నిలదీశాడు. 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో ముక్కుల కొలతల్నే ఎదురు సాక్ష్యంగా పెట్టి, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరువేరు జాతులు కారన్నాడు.

తిండి ఒక్కటే చాలదు. నీళ్లు మంచివి కాకపోతే పిల్లకు మాటిమాటికీ విరేచనాలు పట్టుకుంటాయి, తిన్న నాలుగు ముద్దలూ ఒంటపట్టవు. ఊరబావి మీదకు రానివ్వని ఊళ్లో ఆ నష్టం ఏ పిల్లల ఒంట్లో తేలుతుంది? కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని నరికి చంపిన దాడికి ముందు జరిగిన గొడవ, వాడ జనం తాగే చెరువు నీళ్లను మైల చేయొద్దన్నందుకే. దాన్ని ఆత్మగౌరవ పోరాటంగా మనం సరిగానే గుర్తుపెట్టుకున్నాం. అది పిల్లల ఆరోగ్యం కోసం జరిగిన పోరాటం కూడా.

1980ల మొదట్లో అమెరికన్ ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ కొత్త పాట ఎత్తుకున్నాడు. వీళ్లు పొట్టివాళ్లే గానీ ఆరోగ్యవంతులేనట! కూనూరులోనూ హైదరాబాదులోనూ పనిచేసిన డాక్టర్ గోపాలన్ దీన్ని గట్టిగా ఖండించాడు. పేదల కుంగిన ఎదుగుదలను మామూలు విషయంగా ఒప్పుకుంటే వాళ్లకు చేయాల్సింది ఏమీ మిగలదు. సర్కార్లకు అంతకంటే చౌక సిద్ధాంతం ఏముంటుంది? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు దళిత పిల్లల్లో సుమారు 43 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాలు కాని ఇళ్లల్లో అది 31 శాతం.

మన ఇళ్లల్లో తినే పెద్దకూర, ఎండుతునకలు, బోటి నీచమని తరతరాలుగా ఈసడించిన వాళ్లే ఇప్పుడు అంగన్‌వాడీ గిన్నెలోకి తొంగిచూస్తున్నారు. మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెడదామన్న ప్రతిపాదన వస్తే ముఖ్యమంత్రి వద్దన్నాడు.