సూరతు నగరము - కిరణచికిత్స

తాపీనదీ తీరమున నున్న సూరతు నగరములో వజ్రమునకు సానబట్టు పనివాడు రాతిని కంటిదగ్గరకు తెచ్చుకొని ఒక్కొక్క ముఖమును పరీక్షించుచుండును. దోషమును తొలగించునపుడు చుట్టునున్న మంచి భాగము చెడరాదు. రాచపుండుకు జరుపు కిరణచికిత్స చరిత్రయు ఈ చింతతోనే నడచినది.

1895లో రాంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొనిన కొలది కాలమునకే వైద్యులు వానిని కంతులపై ప్రయోగింపసాగిరి. ఆనాటి కిరణములు లోతునకు పోజాలక చర్మమును కాల్చెడివి. మోతాదును ఒక్కమారుగాక కొంచెము కొంచెముగా నిచ్చుట మేలని 1920ల ప్రాంతమున పారిస్ నగరమున క్లాడియస్ రెగో బృందము నిరూపించెను. నడుమ దొరకు విరామమున మంచి కణములు కోలుకొనును. ఈ పద్ధతి ఎన్నో ప్రాణములు నిలిపినది. కాని రోగిని వారములతరబడి ఆసుపత్రి వాకిట నిలిపినది.

ఆ వారముల వెల సూరతులోని తెలుగువారికి తెలియును. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు అనేకులు అచ్చటి మరమగ్గములపై బ్రతుకుచున్నారు. నేసిన మీటరునకు ఇంతయని కూలి పుచ్చుకొను వానికి ఆరు వారముల చికిత్స యనగా ఆరు వారముల కూలి పోవుటయే. 1941లో బొంబాయిలో వెలసిన టాటా స్మారక వైద్యశాల పశ్చిమ తీరవాసులకు చిరకాలము ఆశాస్థానము. సూరతునుండి అది సుమారు 260 కిలోమీటర్లు. రైలుఖర్చు, బస, తోడువచ్చినవాని తిండి - ఇవి వైద్యుని లెక్కలోనికి రావు.

1951లో స్వీడను దేశపు మెదడు శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ వేరొక త్రోవ చూపెను. అనేక దుర్బల కిరణములను పలు దిక్కులనుండి పంపి ఒక్క బిందువున కలిపినయెడల, దారిలోని కణజాలమునకు హాని స్వల్పము. కలియుచోట ఘాతము పూర్ణము. 1960ల చివర సిద్ధమైన ఆయన యంత్రమున 179 కోబాల్టు మూలములుండెను. తలను చట్రమున బిగింపవచ్చును గాని, ఊపిరితిత్తి ప్రతి శ్వాసకును కదలును గదా! ఆ చిక్కును దాటి, 1990లలో స్టాక్‌హోము వైద్యులే దేహమునకును ఈ పద్ధతిని విస్తరింపజేసిరి. అంతట కొన్ని చిన్న గడ్డలకు ముప్పది దినముల చికిత్స మూడు, అయిదు దినములకు తగ్గినది.

నేడు సూరతులోనే లీనియర్ యాక్సిలరేటరు యంత్రములు పనిచేయుచున్నవి. అయినను ఈ సూక్ష్మచికిత్స హద్దులు స్పష్టముగానున్న చిన్న గడ్డలకే చెల్లును. గుజరాతున పొగాకు నమలుటవలన నోటి రాచపుండు మిక్కుటము. అది ముదిరినచో మెడలోని గ్రంథులకును కిరణము సోకవలయును; కావున ఆరు వారములు తప్పవు. యంత్రముల ప్రకటనలలో ఈ మాట పెద్ద అక్షరములతో కానరాదు. ఆ రోగి ముఖమునకు అచ్చుపోసిన ముసుగు బిగించుకొని దినదినము బల్లపై కదలక పరుండును. ఆ వేళ అతని మగ్గము వేరొకని చేతిలో నాడుచుండును.